మెమరీకి ఇంక్రిమెంటు

...లేకపోతే వేగమంటే భయపడేవాళ్లే వేగానికి నియమాలు రాస్తారేమో, రోడ్డు దాటడానికి జంకేవాడికే ప్రతి బండీ ఎంత జోరుగా వస్తోందో కచ్చితంగా తెలిసినట్టు, అనుకున్నాడు కామేశం. ఆ పోలిక తనకే సరిగ్గా సరిపోతోందని తట్టగానే దాన్ని అక్కడే వదిలేసి, ముందున్న మూడు కొటేషన్ల వైపు చూశాడు.

అతనికి నలభై మూడేళ్లు. కాకినాడలో జిల్లా ఈ-క్రీడల ప్రోత్సాహక కేంద్రానికి సహాయ ప్రోగ్రామరు. అంతకుముందు ఏడేళ్లు ఇదే భవనంలో విత్తన బస్తాల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించాడు. విత్తనాల గోదాము పోయి క్రీడలు వచ్చినప్పుడు బయట బోర్డు మారింది. అతను మారలేదు. గదుల్లో వేరుశనగ పొట్టు వాసన కూడా మారలేదు.

జిల్లాకొక కంప్యూటర్ ఆటగాణ్ణి తయారుచేయాలన్నది పథకం. అందుకోసం రాజధాని నుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. అందులో మెమరీ తప్ప అన్నీ ఉన్నాయి. మెమరీని జిల్లాలోనే కొనుక్కోవాలని, అది 'ఓవర్‌క్లాకింగ్‌కు అనువైనదై' ఉండాలని సర్క్యులర్. అంటే మామూలు వేగాన్ని మించి నడిపినా తట్టుకునేది కావాలి. ఆ మాటకు అర్థం కేంద్రంలో కామేశానికి ఒక్కడికే తెలుసు. తెలిసినందుకు శిక్షగా అతన్ని కొనుగోలు కమిటీలో సాంకేతిక సభ్యుణ్ణి చేశారు. కమిటీలో మిగిలిన ఇద్దరు ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు గారు, స్టోర్స్ సూపరింటెండెంట్ సత్తిరాజు.

"ఇందులో ముప్పై అని ఉంది, ఇందులో నలభై అని ఉంది," అన్నారు త్రివిక్రమరావు గారు మూడింటిలో రెండు కొటేషన్లను పక్కపక్కన పెట్టి. "నలభై పెద్దది. పెద్దది చవగ్గా ఇస్తున్నాడు. ఇందులో మతలబు ఏమిటో కమిటీకి విశదపరచండి."

అది ఆలస్యాన్ని సూచించే అంకె అని కామేశం చెప్పాడు. అడిగిన సమాచారం అందించడానికి మెమరీ ఎంత తాత్సారం చేస్తుందో ఆ అంకె చెబుతుందనీ, అది ఎంత తక్కువైతే ఆటకు అంత మంచిదనీ వివరించాడు. త్రివిక్రమరావు గారు రెండు కొటేషన్లనూ దూరంగా జరిపారు. ఆయన ముఖంలో కనిపించింది అయోమయం కాదు, బాధ. ఆలస్యం తక్కువగా ఉన్నందుకు ఎక్కువ ధర చెల్లిస్తే, ఆలస్యం అవాంఛనీయమని ఒక ప్రభుత్వ కార్యాలయం లిఖితపూర్వకంగా ఒప్పుకున్నట్టు అవుతుందనీ, రేపు ఎవరైనా దీన్ని ఉదాహరణగా చూపి ఫైళ్లకు కూడా వర్తింపజేయమంటే ఏం సమాధానం చెప్పాలనీ ఆయన ఆవేదన.

చిక్కును సత్తిరాజు విప్పాడు. ముప్పై రకం మెమరీ కడ్డీల నెత్తిన రంగురంగుల దీపాలు వెలుగుతాయని కరపత్రంలో బొమ్మ ఉంది. సూచిక దీపాలున్న పరికరానికే ప్రాధాన్యమివ్వాలని స్టోర్స్ నియమావళిలో, డీజిలు జనరేటర్ల అధ్యాయంలో, ఒక వాక్యం ఉంది. ఆ విధంగా సరైన మెమరీ పూర్తిగా తప్పుడు కారణంతో ఎంపికైంది. తన జీవితంలో జరిగిన మంచి విషయాలు దాదాపు అన్నీ ఇలాగే జరిగాయని కామేశానికి అనిపించింది. సంతకం పెట్టేటప్పుడు చెయ్యి తేలిగ్గా ఉంది. నేరం చేయబోతూ పక్కవాడే చేశాడని తెలిసినప్పుడు వచ్చే తేలికదనం అది.

ఈ మెమరీ కోసం ఎదురుచూస్తున్న మనిషి పేరు లూర్దు మేరీ. పందొమ్మిదేళ్లు. రొయ్యల ప్లాంటులో పొట్టు ఒలిచే పని. జిల్లా ఎంపిక పోటీలో నలభై ఆరుగురు కుర్రాళ్లను వరసగా ఓడించింది. ఆమె వేళ్లు కదలడం కామేశం చూడలేకపోయేవాడు. వేళ్లు కనిపించేవి, కదలిక కనిపించేది కాదు. అర్హత పోటీ పదిహేడో తారీఖు శుక్రవారం ఉదయం పదకొండింటికి. ఇంట్లోంచో బయట సెంటరు నుంచో ఆడితే చెల్లదు, కేంద్రంలోని యంత్రం మీదే ఆడాలి. ఆటకు ముందు రాజధాని నుంచి ఒక పరీక్ష దానంతటదే నడుస్తుంది. యంత్రం సెకనుకు రెండు వందల నలభై బొమ్మలకు తగ్గకుండా చూపించాలి. ఒక్కటి తగ్గినా ఆ జిల్లా ఎంట్రీ దానంతటదే రద్దు. గెలిస్తే ఏడాది శిక్షణ, హాస్టలు. ఓడితే మళ్లీ రొయ్యలు.

"ఓడిపోతే ప్లాంటుకి పోతానండి," అంది ఒకసారి, కామేశం అడక్కుండానే. "అసలు ఆడకుండా ఎలా పోతానండి?"

మెమరీ మూడో తారీఖున వచ్చింది. ఒక పెట్టెలో రెండు కడ్డీలు. కలిపి పరీక్షించి జతగా అమ్మేవి. స్టోర్స్ ఆనవాయితీ ప్రకారం ప్రతి వస్తువు మీదా స్టాకు నంబరు తెల్ల ఎనామిల్ పెయింటుతో రాయాలి. కుర్చీలకూ ఫ్యాన్లకూ రాసినట్టే సత్తిరాజు స్వయంగా కుంచె పట్టుకుని కూర్చున్నాడు. కడ్డీ మొత్తం నల్లటి లోహపు తొడుగు, దాని మీద గాడులు. రాయడానికి నున్నగా కనిపించింది కింది అంచున బంగారు రంగు పళ్ల వరస ఒక్కటే. కుంచె అక్కడ ఆనబోతుండగా, పక్కనే నిలబడి చూస్తున్న మేరీ కడ్డీ లాక్కుంది.

"అది నోరండి దానికి," అంది. "నోటికి పెయింటేస్తే ఏం తింటదండీ?"

సత్తిరాజు నొచ్చుకున్నాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో తన చేతిలోంచి వస్తువు లాక్కున్నవాళ్లు లేరన్నాడు. చివరికి నంబరు ఒక అట్టముక్క మీద రాసి, దారంతో కడ్డీకి కట్టడానికి రాజీ కుదిరింది. నిజమైన చిక్కు ఆ తర్వాత మొదలైంది.

కడ్డీలు బిగించి కంప్యూటర్ వేశారు. తెర మీద మెమరీ వేగం నాలుగు వేల ఎనిమిది వందలని వచ్చింది. పెట్టె మీద ఆరు వేలని ఉంది.

త్రివిక్రమరావు గారు కళ్లద్దాలు సవరించుకుని రెండు అంకెలనూ మార్చి మార్చి చూసి, సరఫరాదారు ప్రభుత్వాన్ని పన్నెండు వందల మేరకు మోసగించినట్టు ప్రాథమికంగా నిర్ధారణ అయిందన్నారు. కామేశం అడ్డుపడ్డాడు. ఇలాంటి మెమరీ ఏదైనా మొదట మామూలు వేగంతోనే లేస్తుందని, సెట్టింగుల్లోకి వెళ్లి ఒక్క మీట నొక్కితే ఆరు వేలు అందుకుంటుందని, ఓవర్‌క్లాకింగ్ అంటే అదేనని చెప్పాడు. అంతవరకూ చెప్పి ఆపేసి ఉంటే బాగుండేది. ఆ మీట తాను ఇప్పుడే నొక్కగలనని కూడా అన్నాడు. ఆ మాట గదిలో పడగానే అందరికంటే ముందు అతనే ఉలిక్కిపడ్డాడు.

సత్తిరాజు నియమావళి తెరిచాడు. పద్నాలుగో నియమంలో రెండు వాక్యాలున్నాయి. లేబులు మీది సామర్థ్యం కంటే తక్కువగా పనిచేసే పరికరాన్ని స్వీకరించరాదు. ఏ పరికరాన్నీ దాని మామూలు వేగానికి మించి నడపరాదు. మొదటి వాక్యం ప్రకారం ఈ మెమరీని నాలుగు వేల ఎనిమిది వందల దగ్గర ఉంచుకోకూడదు. రెండో వాక్యం ప్రకారం దాన్ని ఆరు వేలకు తీసుకెళ్లకూడదు.

ఎవరో ఎప్పుడో ఈ రెండు వాక్యాలూ రాసేటప్పుడు, ప్రపంచంలో ప్రతి వస్తువూ పుట్టుకతోనే తన లేబులుకు సరిపోయి ఉంటుందని నమ్మి ఉంటాడు. ఆ మనిషి ఎంత ప్రశాంతంగా నిద్రపోయి ఉంటాడో అని కామేశం అసూయపడ్డాడు. తన మీద కూడా ఒక లేబులు ఉంది. ఇంజనీరింగులో బంగారు పతకం. దాన్ని చూసి తనను తీసుకున్నవాళ్లెవరూ ఆ తర్వాత తెర మీద ఏ అంకె వస్తోందో చూడలేదు.

"వేగం పెంచడానికి నియమాల్లో ఎక్కడైనా వెసులుబాటు ఉందేమో పరిశీలించి సమర్పించండి," అని త్రివిక్రమరావు గారు ఆదేశించారు.

సత్తిరాజు రెండు రోజులు వెతికాడు. ప్రభుత్వ నియమాలన్నిటిలో ఏదైనా ఒకటి పెరగడానికి వీలు కల్పించినవి ఒక్క ఉద్యోగుల సర్వీసు నియమాలేనని తేల్చాడు. అక్కడ దాన్ని ఇంక్రిమెంటు అంటారు. మామూలు స్థాయిలో చేరినవాడు ఒక క్రమంలో పై స్థాయికి వెళ్లడమన్నది అందులో సవివరంగా ఉంది. మెమరీ కూడా చేసేది అదే. కనుక మెమరీకి సర్వీసు నియమాలను వర్తింపజేయవచ్చునని నోట్ పెట్టాడు. త్రివిక్రమరావు గారు దాన్ని చదివి, 'సముచితం' అని రాసి, చాలా రోజుల తర్వాత తృప్తిగా టీ తాగారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. రెండు కడ్డీలనూ తాత్కాలిక ప్రాతిపదికన చేర్చుకున్నారు. స్కేలు నాలుగు వేల ఎనిమిది వందలతో మొదలై, ఏటా జులై ఒకటిన నూట ఇరవై చొప్పున పెరుగుతూ, ఆరు వేల దగ్గర ముగుస్తుంది.

మేరీ వేళ్ల మీద లెక్కపెట్టింది. అంత నెమ్మదిగా ఆమె వేళ్లు కదలడం కామేశం అదే మొదటిసారి చూడటం.

"పదేళ్లండి," అంది. "నాకప్పటికి ఇరవై తొమ్మిదొస్తాయండి."

"కుర్రదానివి, ఓపిక పట్టాలమ్మా," అన్నాడు సత్తిరాజు, మనస్ఫూర్తిగా. "నేనూ అలా వచ్చినోణ్ణే."

అది వెక్కిరింత కాదు. అతనికి ఆ పదేళ్లలో అన్యాయమేదీ కనిపించలేదు. అందరమూ మన కాలాన్ని కొలబద్దగా పెట్టుకునే కదా ఎదుటివాడి తొందరను కొలుస్తాం, అనుకున్నాడు కామేశం. తర్వాత ఆ ఆలోచన బాగుందని తనను తాను అభినందించుకున్నందుకు సిగ్గుపడ్డాడు. అమ్మాయి ఎదురుగా నిలబడి ఉంది. తాను సూక్తులు తయారుచేస్తున్నాడు.

ఆ రాత్రికి కాక మర్నాటికి కొంత ధైర్యం వచ్చింది. ప్రతిభ చూపినవారికి ముందస్తు ఇంక్రిమెంట్లు ఇవ్వవచ్చని అదే నియమాల్లో ఉందని అతను ఎత్తిచూపాడు. పది ఇంక్రిమెంట్లు ఒకేసారి మంజూరు చేయమని నోట్ పెట్టాడు. నోట్ తిరిగొచ్చింది. రహస్య నివేదికలు లేకుండా ప్రతిభను గుర్తించడం సాధ్యపడదని ఎర్ర సిరాతో రాసి ఉంది.

కామేశం రహస్య నివేదికలు రాశాడు. ఒక్కో కడ్డీకి ఒక్కోటి. సమయపాలన సంతృప్తికరం. పై అధికారుల పట్ల ప్రవర్తన మౌనంగా ఉంటుంది. నిజాయితీని శంకించవలసిన సందర్భమేదీ దృష్టికి రాలేదు. ఎండను, ఒత్తిడిని తట్టుకునే శక్తి, చూడవలసి ఉంది. రాస్తున్నంతసేపూ ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. పూర్తయ్యాక చదువుకుంటే, ఇన్నేళ్లుగా తన గురించి పైవాళ్లు రాస్తున్న వాక్యాలే అవి.

ఈసారి అభ్యంతరాలు మూడు వచ్చాయి. ఇద్దరి నివేదికలూ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండటం అనుమానాస్పదం. ఒకే పెట్టెలో, ఒకే రోజున చేరిన ఇద్దరిలో సీనియర్ ఎవరో తేల్చలేదు. ఇకపోతే ఆరు వేల వేగానికి మెమరీ అదనంగా పావు వోల్టు విద్యుత్తు తీసుకుంటుందని కామేశమే నోట్‌లో పేర్కొన్నందున, అది ప్రత్యేక భత్యం కిందికి వస్తుంది కనుక ఆర్థిక శాఖ సమ్మతి అవసరం.

"జతలో ఇద్దరూ ఒకే వేగంతో నడవాలి సార్," అన్నాడు కామేశం త్రివిక్రమరావు గారి గదిలో. "ఒకడు ముందూ ఒకడు వెనకా అంటే యంత్రం అసలు లేవదు."

"సీనియారిటీ తేలకుండా ఇద్దరికీ ఒకేసారి ఇంక్రిమెంట్లు ఇచ్చి, రేపు రెండోవాడు కోర్టుకెళితే?"

"ఎవరు సార్ వెళ్లేది?"

త్రివిక్రమరావు గారు అతని వైపు జాలిగా చూశారు. "కామేశం గారూ, ఎవరు అన్నది ప్రశ్న కాదు. అవకాశం ఇచ్చామా లేదా అన్నదే ప్రశ్న. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నన్ను కాపాడింది ఆ జాగ్రత్త ఒక్కటే."

ఆయన చెడ్డవాడు కాదు. కామేశాన్ని కలవరపెట్టింది అదే. చెడ్డవాడైతే ద్వేషించి నిశ్చింతగా ఉండవచ్చు. సీరియల్ నంబరు చిన్నదాన్ని సీనియర్‌గా భావించి మొదటి గాడిలో కూర్చోబెట్టాలని, ఈలోగా రోజూ ఉదయం వేగాన్ని చూసి ఒక రిజిస్టరులో నమోదు చేయాలని, అనుమతి లేకుండా వేగం పెంచినట్టు కనిపిస్తే క్రమశిక్షణ చర్య తప్పదని ఉత్తర్వు వచ్చింది. సెట్టింగులకు పాస్‌వర్డు పెట్టారు. అది కామేశానికి మాత్రమే తెలుసు.

బుధవారం నాడు మేరీ అలాంటి పరీక్షే ఒకటి నడిపి చూసింది. సెకనుకు రెండు వందల పందొమ్మిది బొమ్మలు. మళ్లీ నడిపింది. రెండు వందల పదిహేడు. కుర్చీలో వెనక్కి వాలి తెరను కాక కామేశాన్ని చూసింది.

"సార్, ఆ మీట నొక్కితే ఏం జరుగుద్దండి?"

ఏమీ జరగదన్నాడు. రెండు నిమిషాలు తెర నల్లగా ఉంటుంది, తర్వాత వేగం పెరుగుతుంది.

"మరెందుకు నొక్కరండి?"

ఈ ప్రశ్నకు అతని దగ్గర ఆఫీసు భాషలో సమాధానం ఉంది. అది చెప్పాడు. ఆమె విన్నది. అవమానించలేదు, బతిమాలలేదు, ప్లాంటుకు షిఫ్టు టైమైందని లేచి వెళ్లింది. గురువారమంతా కామేశం తనలో తాను సరైన సమాధానం కోసం తవ్వుకున్నాడు. ఉద్యోగం పోతుందని భయమా? పోదు. పోయినా అతని మీద ఆధారపడ్డవాళ్లు లేరు. భయం ఇంకెక్కడో ఉంది. ఒక పని చేశాక, దాన్ని ఎవరు చేయమన్నారు అని అడిగితే, ఎవరూ లేరు, నాకే చేయాలనిపించింది అని చెప్పాలి. తనకు ఒకటి కావాలనిపించిందని పదిమంది ముందు ఒప్పుకోవాలి. ఆ వాక్యం నోట్లో తిప్పుకుని చూస్తే, నడిబజార్లో చొక్కా విప్పినట్టుంది.

శుక్రవారం పదింబావుకు అతను యంత్రం ముందు కూర్చున్నాడు. మేరీ పక్క కుర్చీలో ఉంది. తెల్లవారుజాము షిఫ్టు చేసి సరాసరి వచ్చినట్టుంది, చేతులు సబ్బుతో తోముకున్నా రొయ్యల వాసన పూర్తిగా పోలేదు. రోజూ చేసినట్టే కామేశం సెట్టింగులు తెరిచి, పాస్‌వర్డు కొట్టి, వేగం చూశాడు. నాలుగు వేల ఎనిమిది వందలు. దాని కిందనే ఆ చిన్న మీట. అక్కడిదాకా వచ్చి అతను చేతులు రెండూ కీబోర్డు మీద నుంచి తీసేశాడు. కళ్లద్దాలు తీశాడు. జేబురుమాలుతో తుడవసాగాడు.

కళ్లద్దాలు తుడుచుకోవడానికి అది సమయం కాదని అతనికి తెలుసు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయని కూడా తెలుసు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చింది. టకటకమని మూడు చప్పుళ్లు వినిపించాయి. అతను కుడి అద్దం ముగించి ఎడమ అద్దం మొదలుపెట్టాడు.

తెర నల్లబడింది. నిమిషం గడిచింది. మేరీ ఊపిరి వినిపిస్తోంది. రెండో నిమిషం కూడా గడుస్తుండగా, "పాడు చేశానాండీ?" అంది, మెల్లిగా. లేదు, కడ్డీలు రెండూ ఒకదానికొకటి కుదురుకుంటున్నాయి, కొంత సేపు పడుతుంది అన్నాడు కామేశం. తర్వాత తెర వెలిగింది. ఆరు వేలు. రెండు కడ్డీలు. సీనియరూ జూనియరూ తేడా లేకుండా.

పదీ నలభైకి రాజధాని పరీక్ష నడిచింది. రెండు వందల నలభై మూడు.

మేరీ హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పిలిచినా వినపడనంత దూరం వెళ్లిపోయింది.

ఆ రోజు రిజిస్టరు ఇంకా రాయలేదు. నాలుగు వేల ఎనిమిది వందలని రాస్తే ఎవరికీ తెలియదు. ఆఫీసులో ఇంకెవరికీ సెట్టింగులు చూడటం రాదు. కామేశం పెన్ను తీసి ఆ అంకె వేయడానికి రెండుసార్లు ప్రయత్నించాడు. చెయ్యి సాగలేదు. ఇది నిజాయితీ అని అనుకోవడానికి కూడా మనసొప్పలేదు. తెర మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించడం ఏడేళ్ల అలవాటు, అంతే. ఆరు వేలు అని రాశాడు. అటెండరు రోజూలాగే వచ్చి రిజిస్టరు తీసుకెళ్లాడు.

పదకొండింటికి ఆట మొదలైంది. తెర మీద ఎవరో పరిగెత్తుతున్నారు, ఎవరో పడిపోతున్నారు. కామేశానికి అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా కుర్చీ అంచున కూర్చుని చూస్తున్నాడు.

పదకొండుంబావుకు వరండాలో చెప్పుల చప్పుడు, వెనకే సత్తిరాజు గొంతు. ఒక చేతిలో ఉత్తర్వు, ఇంకో చేతిలో లక్క, కొవ్వొత్తి, ఇత్తడి ముద్ర. మంజూరు కాని పది ఇంక్రిమెంట్లను అనధికారికంగా పొందినందుకు రెండు కడ్డీలనూ తక్షణం సస్పెండ్ చేయడమైనదని, విచారణ ముగిసేవరకూ అవి ఏ విధుల్లోనూ పాల్గొనరాదని, యంత్రాన్ని ఆపి సీలు వేయవలసిందని ఉత్తర్వు. అదంతా అతను నడుస్తూనే గట్టిగా చదువుకుంటూ వస్తున్నాడు.

"కామేశం గారండీ," అని వరండా మధ్యలోంచే పిలిచాడు. "కూసింత ఆ స్విచ్చి కట్టేసి ఉంచండి. అయ్యగారు సీలేసి రమ్మన్నారండి."

ఆట ఇంకా పాతిక నిమిషాలుంది. మేరీకి ఏమీ వినపడటం లేదు. ఆమె భుజాలు కొంచెం ముందుకు వంగి ఉన్నాయి, వేళ్లు కనిపిస్తున్నాయి, కదలిక కనిపించడం లేదు.

పై అధికారి పేరు వినగానే లేచి నిలబడటం అలవాటు కనుక కామేశం లేచాడు. గుమ్మం దాకా నడిచాడు. దారిలో, తాను సత్తిరాజుకు ఎదురెళ్లి పరిస్థితి వివరించబోతున్నానని అనుకున్నాడు. పద్నాలుగో నియమం మొదటి వాక్యాన్ని ఉటంకించవచ్చని, అరగంట గడువు కోరుతూ ఒక నోట్ పెట్టవచ్చని అనుకున్నాడు. ఆ నోట్ మొదటి వాక్యం కూడా మనసులో తయారైంది. సత్తిరాజు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు, అతన్ని చూసి నవ్వాడు.

కామేశం తలుపు మూసి గడియ నెట్టాడు. విత్తనాల కాలం నాటి గడియ. ఎవరూ వేసి చాలా ఏళ్లయింది, సగంలో ఆగిపోయింది. అరచెయ్యి ఆనించి రెండోసారి నెట్టాడు. పడింది.